నళిని విప్పిన ఇంజను

షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది, లోపల మా చెల్లెలు నళిని కారు బానెట్ కిందికి వంగి, నేను ఇన్ని నెలలు తంటాలు పడి బిగించిన బోల్టుల్ని ఒక్కొక్కటే విప్పుతోంది, విప్పినదాన్ని పక్కనున్న స్టీలు గిన్నెలో వేస్తోంది, గిన్నెలో పడగానే ఖంగుమనాలి కదా, అనడం లేదు, దూదిలో పడ్డట్టు మెత్తగా పడుతోంది. నళిని కిందటి వానాకాలంలో చనిపోయిందని నాకు తెలుసు. ఆ సంగతి మనసులో ఒక పక్కన ఉండనే ఉంది, అయినా తనను చూస్తే ఆశ్చర్యం కలగడం లేదు, కంగారు మాత్రం పుడుతోంది, ఎందుకంటే తెల్లారగానే ఈ ఇంజను స్టార్ట్ చేద్దామని తన కూతురు ప్రణతికి మాటిచ్చాను, ఇప్పుడు తను మళ్ళీ అంతా విప్పేస్తే దాన్ని ఎవరు మూస్తారు, ఎప్పటికి మూస్తారు.

"నళినీ, ఆగు. అది మూసేశాం" అంటాను.

"చూశాను" అంటుంది తలెత్తకుండా. "ఎవరు మూయమన్నారు?"

లోపలికి అడుగు వేస్తే షెడ్డు పొడుగవుతుంది. ఇది పెద్ద వాల్తేరులో మా ఇంటి షెడ్డే, సిమెంటు రేకుల కప్పూ, మేకులకి వేలాడే స్పానర్లూ అన్నీ మావే, కానీ వెనక గోడ ఉండాల్సిన చోట సముద్రం ఉంది, అలలు కారు వెనక చక్రాల దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి, నేల మాత్రం తడవడం లేదు. వెలుగు పొద్దుటిదో సాయంత్రానిదో తెలియడం లేదు. కారు హెడ్‌లైట్లలో ఒకటి సగం లేచి నిలిచిపోయి, నిద్ర చాలని మనిషి ఒంటికన్నుతో చూసినట్టు నన్ను చూస్తోంది.

ఆ కారు జపాన్ వాళ్ళది, పాతది, రెండే సీట్లు, నేలకి అంటుకుపోయినట్టుండే స్పోర్ట్స్ కారు. ఒకప్పుడు ఎర్రగా ఉండేదట, ఉప్పుగాలికి వెలిసి వెలిసి దానిమ్మ తొక్క రంగుకి దిగింది. ఎవరో ఓడ కెప్టెన్ ముచ్చటపడి తెప్పించుకున్నది, ఆయన తదనంతరం వాళ్ళవాళ్ళు అమ్మేస్తూ ఉంటే నళిని కొంది. షిప్‌యార్డులో పొద్దస్తమానం ఓడల ఇంజన్లతో వేగే మనిషికి ఇంటికొచ్చాక కూడా ఇంజనే కావాలా అని నేనడిగితే, "ఆ ఇంజన్లు నావి కాదు కదన్నయ్యా" అంది. నాకు కార్ల గురించి ఏమీ తెలియదు. నాది డాబాగార్డెన్స్‌లో కళ్ళజోళ్ళ షాపు. ఆ కారులో నాకు నచ్చినవల్లా ఆ హెడ్‌లైట్లే, అక్కర్లేనప్పుడు బానెట్లోకి దాక్కుని, వేస్తే రెప్పలెత్తినట్టు పైకి లేచేవి.

ఇప్పుడు దగ్గరికి వెళ్ళి చూస్తే నళినికి జుట్టు ఉంది. పోయేనాటికి తలమీద ఒక్క వెంట్రుక లేదు, పసుప్పచ్చ స్కార్ఫు కట్టుకునేది. ఇప్పుడు ఒత్తుగా జడ వేసుకుంది, ఆ జడ ముందుకు జారి కొస నల్లటి ఇంజన్ ఆయిల్లో మునుగుతోంది, దాన్ని ఎత్తి వెనక్కి వెయ్యాలని నా చెయ్యి ముందుకు వెళుతోంది, వెళుతూనే ఉంది, జడ దాకా చేరడం లేదు.

"నీ జడ" అంటాను.

"నా జడ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు లైటు పట్టుకో."

లైటు ఎప్పటినుంచో నా చేతిలోనే ఉంది. అది పట్టుకోవడం నాకు అలవాటే. కిందటేడు ఎండాకాలంలో హాస్పిటల్లో రిపోర్టు చేతికిచ్చిన రోజున నళిని ఇంటికొచ్చి, చీర మార్చుకుని, పాత చుడీదారు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా షెడ్డులోకి వెళ్ళి ఇంజను విప్పడం మొదలుపెట్టింది. ఒక్కసారి మొత్తం విప్పి, అరిగినవి మార్చి, బెల్టూ నీళ్ళ పంపూ కొత్తవి వేసి మూసేస్తే చాలా యేళ్ళు చూసుకోనక్కర్లేదని ఎప్పటినుంచో అనుకుంటోంది, అదేదో ఆ రోజే మొదలుపెట్టింది. నేను పై వాటాలో ఉంటాను, తనూ ప్రణతీ కింది వాటాలో. భర్తతో ఏనాడో విడిపోయింది. హాస్పిటల్లో మందు ఎక్కించుకుని వచ్చాక రెండు మూడు రోజులు వాంతులతో మంచం దిగేది కాదు, ఆ తరవాత కింద స్పానరు చప్పుడు వినిపించేది, నేను దిగివెళ్ళి లైటు పట్టుకునేవాణ్ణి. మా ఆవిడ రాజ్యం, "ఈ ఒంటితో ఈ చాకిరేటి నళినీ" అని తలుపు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకునేది. ఒకరోజు నళిని స్పానరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది, తిప్పలేకపోయింది. విప్పినవన్నీ పాత దుప్పట్ల మీద పరిచి ఉండగానే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. మళ్ళీ రాలేదు.

మిగతాది నేను మూశాను. తను పని చేస్తూ చెప్పిన మాటలు గుర్తు తెచ్చుకుంటూ, తెలియనివి వీడియోల్లో చూసుకుంటూ, షాపు కట్టేశాక రోజూ కాసేపు. ఆ మూసినదాన్నే ఇప్పుడు తను విప్పేస్తోంది.

ఇంజను పైభాగం, తను హెడ్డు అనేది, రెండు చేతులా ఎత్తి పక్కన పెడుతుంది. అంత బరువును పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తేస్తుంది. పెట్టడం పెట్టడం మా భోజనాల బల్ల మీద పెడుతుంది, బల్ల అక్కడికి ఎప్పుడొచ్చిందో, దానిమీద సగం తిన్న కంచం కూడా ఉంది, ఎవరిదో. తను లోపలికి తొంగి చూస్తుంది. నేనూ చూస్తాను. పిస్టన్లు గుండ్రంగా, శుభ్రంగా మెరుస్తున్నాయి, నేనే తుడిచాను వాటిని, కళ్ళజోడు అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో.

"హెడ్డు కింద పరిచే గాస్కెట్టు ఏ పక్క పైకి పెట్టావు?"

"అక్షరాలున్న పక్క."

"బోల్టులు ఎక్కణ్ణించి బిగించుకుంటూ వచ్చావు?"

"మధ్యలోంచి బయటికి. నువ్వు చెప్పినట్టే. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా."

"బెల్టు గుర్తులు కలిశాయేటి?"

"కలిశాయి. పైదీ కిందదీ రెండూ. భూతద్దం పెట్టి చూశాను."

"చేత్తో తిప్పి చూశావా? స్టార్ట్ చేసెయ్యడం కాదు, చేత్తో. తిప్పకుండా తాళం పెట్టావనుకో, బెల్టు ఒక్క పన్ను తేడా వచ్చినా వాల్వులన్నీ వంగిపోతాయి."

"తిప్పి చూశాను నళినీ. ప్రణతి కూడా తిప్పింది. ఎక్కడా తగల్లేదు."

తను వేలితో అంచులన్నీ తడుముతుంది, వాసన చూస్తుంది, గోరుతో గీకుతుంది, మళ్ళీ మొదటినుంచి వెతుకుతుంది, తను వెతికేది ఏమిటో నాకు అర్థమవుతున్నకొద్దీ భయం వేస్తుంది. నేను చేసిన తప్పు కోసం వెతుకుతోంది. అది దొరికితే బావుణ్ణని నాకూ అనిపిస్తుంది, ఏదో ఒక చిన్న తప్పు, వదులైన బోల్టు ఒకటి, చూపించి తిట్టడానికి పనికొచ్చేది. నేను కూడా లైటు దగ్గరికి జరిపి వెతుకుతాను. ఎంత వెతికినా లేదు.

"ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పు చెయ్యకపోయావా" అంటుంది. తిడుతున్నట్టు లేదు. గొంతు సన్నబడిపోయింది.

నేను మాట్లాడబోతూ ఉంటే ఎవరో "పేషెంటు తరఫున ఒక్కరే ఉండాలి, ఒక్కరే, మిగతావాళ్ళు బయటికి" అని అరుస్తారు, చూస్తే షెడ్డు కాదది, హాస్పిటల్ వరండా, ఫినాయిల్ వాసన, గోడలకి సగం దాకా ఆకుపచ్చ రంగు. కారుని మేమిద్దరం తోసుకుంటూ వెళుతున్నాం, హెడ్డు లేని కారు, లోపల ఆ పిస్టన్లు అలా తెరుచుకునే ఉన్నాయి, వరండాలో కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిస్తున్నారు. నర్సు కారు మీద గుడ్డ కప్పుతుంది. "మూతేదండీ?" అంటుంది నాతో, "మూత లేకుండా లోపలికి తీసుకోరు." ఇంట్లో బల్లమీద మరిచిపోయాం అని నేను చెప్పాలి, నళిని వైపు చూస్తాను, తను నర్సుతో తాపీగా అంటుంది, "మా అన్నయ్య మూస్తాడు లెండి. బాగా మూస్తాడు."

ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. మెచ్చుకుందో, నింద వేసిందో తెలియదు. తోస్తూనే ఉన్నాను, ముందు లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది, లోపల లిఫ్టు లేదు, నా షాపు ఉంది. నళిని కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో కూర్చుని ఉంది. ఎప్పుడు కూర్చుందో. నేను అలవాటు ప్రకారం తన ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, అద్దాలు ఒకటి తీసి ఒకటి వేస్తున్నాను. ఎదురుగా గోడమీద అక్షరాల పలక వెలుగుతోంది.

"చివరి వరస చదువు."

"మసకగా ఉంది."

"ఇప్పుడు?"

"అలాగే ఉంది."

"ఇది బావుందా, ఇది బావుందా?"

"రెండూ ఒకటేలాగున్నాయన్నయ్యా. ఎందుకొచ్చిన పరీక్ష ఇది, వదిలెయ్."

నా చేతిలో ఇంకా అద్దాలున్నాయి, పెట్టె నిండా ఉన్నాయి, ఏదో ఒకటి సరిపోతుంది, అన్నీ వేసి చూడకుండా తనను కుర్చీలోంచి లేవనివ్వకూడదు. అద్దం మారుస్తూ, ఆ ధైర్యంతోనే, ఇన్నాళ్ళూ నన్ను తినేస్తున్నది అడుగుతాను. "నళినీ, ఆ రోజు హాస్పిటల్లో ఆక్సిజన్ మాస్కు లోపల్నుంచి నాతో ఏదో అన్నావు. రెండుసార్లు అన్నావు. నాకు వినబడలేదు. నేను తలూపేశాను. ఏమన్నావు?"

తను ఫ్రేములోంచి నన్ను చూస్తుంది, అద్దాల వెనక కళ్ళు పెద్దవైపోయి కనబడుతున్నాయి. గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నిస్తోంది, నుదురు ముడిపడింది, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెబుతూ ఆగిపోయినప్పటి ముఖం.

"గుర్తు లేదు."

"ఆలోచించు."

"లేదన్నయ్యా. ఎండ మొహమ్మీద పడుతోందని కర్టెన్ లాగమన్నానేమో. కాలు తిమ్మిరెక్కిందేమో. పోయేవాళ్ళు అన్నీ గొప్ప మాటలే మాట్లాడతారేటి?"

"నేను ఇంజను గురించి అనుకున్నాను. మూసెయ్యమన్నావని అనుకున్నాను."

"అన్లేదు."

"అందరికీ అదే చెప్పాను" అంటాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడిదిలా వినబడుతోంది. "రాజ్యానికి చెప్పాను, ప్రణతికి చెప్పాను, షాపుకొచ్చినవాళ్ళకి చెప్పాను. తెలిసే విప్పింది, నేను మూస్తానని తెలిసే వదిలి వెళ్ళింది, తను లేకపోయినా నాకో పని ఉండాలని చేసిందీ అని. అదే లేకపోతే నేను ఆ షెడ్డులోకి అడుగు పెట్టగలిగేవాణ్ణి కాదు నళినీ. నీకు తెలుసు కదా రోగం సంగతి, డాక్టరు నీకే చెప్పాడు కదా. తెలిసి తెలిసి ఎందుకు విప్పావు?"

తను ఫ్రేము తీసేసి ఒళ్ళో పెట్టుకుంటుంది. షాపులో లైట్లు ఒకదాని తరవాత ఒకటి ఆరిపోతున్నాయి, బయట రోడ్డుమీద జనం లేరు, రోడ్డే లేదు, మళ్ళీ ఆ తడపని అలలు. నాకు కోపం వస్తోంది, చనిపోయిన మనిషి మీద ఇంత కోపం రావచ్చా అని పక్కనించి ఎవరో అడుగుతున్నట్టుంది, వచ్చేసింది, దాచుకోవడానికి చోటు లేదు.

"మూసేస్తాననే అనుకున్నానన్నయ్యా" అంటుంది.

చేతిలో ఉన్న అద్దాన్ని పెట్టెలో పెట్టేస్తాను.

"నీకోసం వదల్లేదు. ఎవరికోసమూ వదల్లేదు. డాక్టరు చెప్పింది విన్నాను, నమ్మలేదు. దీపావళికి మూసేస్తాను, చలికాలం వచ్చేసరికి అరకు వెళతాను, శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాటు మీద రెండో గేర్లో లాగిస్తే ఇంజను ఎలా పలుకుతుందో వినాలి, అదీ నా లెక్క. నువ్వేటి, నన్ను ఋషిని చేసి కూర్చోబెట్టావు. నాకు బతకాలని ఉందిరా."

నన్ను 'రా' అని చిన్నప్పుడు ఎప్పుడో పిలిచేది, అమ్మ చేత దెబ్బలు తిని మానేసింది. ఆ పిలుపు వినగానే కుర్చీ పట్టుకోబోతాను, అది కుర్చీ కాదు, కారు అంచు, మేం షెడ్డులోనే ఉన్నాం, ఎక్కడికీ వెళ్ళలేదు. హెడ్డు తిరిగి ఇంజను మీద కూర్చుని ఉంది. బోల్టులు రంధ్రాల్లో నిలబడి ఉన్నాయి, బిగించడమే మిగిలింది.

"తెల్లారిపోతోంది" అంటుంది నళిని, సముద్రం వైపు చూసి. "ఇలా ఇవ్వు. ఈసారి నేను బిగిస్తాను."

టార్క్ రెంచి అందిస్తాను. సరైన బిగువు రాగానే టిక్కుమని చప్పుడు చేసే రెంచి అది, తను జీతంలోంచి కొనుక్కుంది, దాన్ని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. మధ్య బోల్టుకి తగిలించి లాగుతుంది. రెంచి తిరుగుతుంది. టిక్కుమనదు. ఇంకా లాగుతుంది, చుట్టూ తిరిగి వస్తుంది, తను కారు చుట్టూ నడుస్తోంది రెంచి పట్టుకుని, జడ ఊగుతోంది, రెండు చేతులా బలమంతా పెడుతోంది, మెడమీద నరాలు లేస్తున్నాయి, రెంచి మాత్రం పెదవి విప్పదు. నేను చూడలేక "చాల్లే నళినీ" అంటాను. "ఆగు" అంటుంది, మళ్ళీ తిరుగుతుంది. వెళ్ళి చెయ్యి కలుపుదామనుకుంటాను, నా చేతిలో లైటుంది, పెట్టేద్దామంటే పెట్టడానికి నేల దొరకడం లేదు.

చివరికి తను ఆగుతుంది. ఆయాసం లేదు, చెమట లేదు. రెంచి నా వైపు చాపుతుంది.

"నువ్వే బిగించు."

బిగిస్తాను. కొంచెం లాగగానే టిక్కుమంటుంది. ఇంత స్పష్టమైన చప్పుడు ఇందాకటినుంచి ఒక్కటీ వినలేదు నేను. ఇంకో బోల్టు, టిక్కు. ఇంకోటి, టిక్కు. ప్రతి చప్పుడుకీ నళిని భుజాలు కొద్దిగా అదురుతున్నాయి. తను ముఖం అటు తిప్పుకుని నిలబడింది. ఆపేద్దామా అనిపిస్తుంది, తప్పుగా బిగిద్దామా అనిపిస్తుంది, చేతులు నా మాట వినకుండా బిగించుకుంటూ పోతున్నాయి, అన్నీ అయిపోతాయి.

"ప్రణతి నడుపుతుందా?" అటు తిరిగే అడుగుతుంది.

"ఆఁ. పూనాలో ఉద్యోగం వచ్చింది దానికి. వెళ్ళేలోగా ఈ కారేసుకుని అరకు వెళ్ళొస్తానంటోంది."

"ఘాటు మీదికి?"

"ఘాటు మీదికే."

"నువ్వు వద్దన్లేదా?"

"అన్నాను. బతిమాలాను. వినలేదు."

"వినదు" అంటుంది. ఆ ఒక్క మాటలో గర్వం ఉంది, దాని కింద ఇంకేదో ఉంది, పళ్ళెంలోంచి ఎవరో లడ్డూ తీసేసుకుంటే పిల్లల మొహంలో కనబడేలాంటిది. "నేను వెళ్ళాల్సిన ఘాటు అది."

"నాకు తెలుసు."

"దానిమీద నాకు కోపం లేదు. కానీ వినాలనుంది అన్నయ్యా. ఒక్కసారి ఇంజను చప్పుడు విని వెళతాను. ఎక్కు."

ఎక్కుతాను. ఎడమ పక్క సీటు, ఎప్పుడూ నేను కూర్చునేదే. తను కుడిపక్క తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చుంటుంది. కారు చుట్టూ షెడ్డు లేదు, బీచ్ రోడ్డు కాబోలు, పొడుగ్గా, ఖాళీగా, ఒక పక్క కొండలు కూడా ఉన్నట్టున్నాయి, అరకువీ భీమిలివీ కలిసిపోయినట్టు. సగం లేచిన హెడ్‌లైటు మిగతా సగం లేస్తుంది. నళిని తాళం మీద చెయ్యి వేసి నా వైపు చూసి నవ్వుతుంది, రోగం రాకముందు నవ్వు. నేను కళ్ళు మూసుకుని ఆ చప్పుడు కోసం ఎదురుచూస్తాను. తను విన్నాక ఏమవుతుందో నాకు తెలుసు, అయినా తను వినాలి, నా ఒళ్ళంతా అదే కోరిక.

చప్పుడు రాదు.

కళ్ళు తెరిస్తే తను కాళ్ళు చాపుతోంది. పొట్టి మనిషి నళిని, సీటు అంచుకి జరిగి, నడుము కిందికి జార్చి, వేళ్ళ కొసలు చాపి చాపి చూస్తోంది, క్లచ్ అందడం లేదు. ఎంత చాపితే అంత దూరం జరుగుతున్నాయి పెడళ్ళు. స్టీరింగు పట్టుకున్న చేతులు కూడా తిన్నగా సాగిపోయాయి, తను వెనక్కి వెళ్ళిపోతోంది, సీటుతో సహా, మెల్లగా. నేను తన మోచెయ్యి పట్టుకోవాలని వంగుతాను.

తను నా వైపు తిరుగుతుంది. అంత కోపంగా, అంత దిగులుగా తనను ఎప్పుడూ చూడలేదు.

"నా సీటెవరు జరిపారు?"

*

మెలకువ వచ్చేసరికి తెల్లారింది. వంటింట్లో రాజ్యం కాఫీ కలుపుతున్న చప్పుడు. నేను మొహం కూడా కడుక్కోకుండా మెట్లు దిగి షెడ్డులోకి వెళ్ళాను. బానెట్ మూసి ఉంది, వెనక గోడ ఉన్నచోటే ఉంది. కుడిపక్క తలుపు తీసి చూశాను. డ్రైవరు సీటు బాగా వెనక్కి ఉంది. ప్రణతి తండ్రి పోలిక, పొడుగరి. నిన్న సాయంత్రం గేర్లు అలవాటు చేసుకుంటానని లోపల కూర్చుంది, అప్పుడు జరుపుకుని ఉంటుంది. అంతవరకూ దాన్ని ఎవరూ కదపలేదు. సీటు ముందు నేలమీద పరిచిన పట్టా మీద, సీటు ఇన్నేళ్ళూ కప్పి ఉంచిన చోట, వెలవని నల్లటి చార ఒకటి ఉంది.

ఎందుకు చేశానో చెప్పలేను. సీటు కిందకి చెయ్యి పెట్టి, మీట ఎత్తి, ఆ నల్లచార మీదికి వచ్చేదాకా ముందుకు లాగేశాను.

అంతలో ప్రణతి వచ్చింది, తడి జుట్టుతో, చేతిలో తాళం. "రెడీనా మామయ్యా?" అంది. సీట్లో కూర్చోలేదు, గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూసి, బయటే నిలబడి తలుపులోంచి వంగి తాళం తిప్పింది. మొదటిసారి దగ్గినట్టయి ఆగిపోయింది. రెండోసారి అందుకుంది. రేకుల కప్పు గడగడలాడింది. కాసేపటికి చప్పుడు ఒక్క తీరుకి వచ్చి నిలబడింది. నేను బానెట్ ఎత్తి, లైటు వేసి, హెడ్డు అంచు చుట్టూ వేలితో తడిమి చూశాను. ఎక్కడా చుక్క కారలేదు. ప్రణతి ఒక చేత్తో నోరు మూసుకుని ఏడుస్తోంది, రెండో చేత్తో కారు కప్పుని నిమురుతోంది.

తరవాత కళ్ళు తుడుచుకుని, "బయటికి తీస్తాను, కొంచెం తప్పుకో" అని లోపల కూర్చోబోయింది. మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి.

"అబ్బా! మామయ్యా, నా సీటెవరు జరిపారు?"

"నేనే" అన్నాను. ఇంజను చప్పుడులో దానికి వినబడిందో లేదో.